చూడటానికి బయలుదేరండి



"రోజూ అరగంట నడవండి" అని డాక్టరుగారు చెప్పగానే చాలామంది కొత్త బూట్లు కొంటారు. మొదటి వారం అపార్టుమెంటు చుట్టూ తిరుగుతారు. మూడో వారానికి బూట్లు గుమ్మం దగ్గరే ఉండిపోతాయి. దీనిని బద్ధకం అనడం సులువే. కాని ఒకే గోడను చూస్తూ ఇరవై చుట్లు తిరగడం ఎవరికైనా విసుగే. మందు మింగినట్టు నడిచే నడక ఎక్కువ కాలం నిలవదు. ఏదైనా చూడాలని బయలుదేరిన నడక నిలుస్తుంది.

శేరిలింగంపల్లి, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో పగలంతా కంప్యూటరు ముందు కూర్చునేవారు ఎందరో. గంటల తరబడి కూర్చుంటే కాలి కండరాలు పని మానేస్తాయి, రక్తంలోని చక్కెరను తక్కువగా వాడుకుంటాయి. నడిచినప్పుడు అవే కండరాలు చక్కెరను లోపలికి లాక్కుంటాయి. పిక్కలు బిగిసి వదులుతూ రక్తాన్ని పైకి, గుండెవైపు నెడతాయి. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఓ మోస్తరు అంటే ఎంత? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంతే కొలత.

ఇక ఏం చూడాలి? సైబర్ టవర్స్‌ను 1998లో ప్రారంభించారు. అందుకే ఈ ప్రాంతం వయసు ముప్పై ఏళ్ళలోపే అనుకుంటాం. కాని మన కాళ్ళ కింద ఉన్న నల్లరాతికి దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల చల్లారి గట్టిపడిన రాయి అది. పైపొరలు కొట్టుకుపోయి, పగుళ్ళ వెంట ఎండావానలు అరగదీయగా, బండ మీద బండ పేర్చినట్టు మిగిలింది. ఎవరూ పేర్చలేదు! హుడా కాలంలో ఇలాంటి కొన్ని రాళ్ళను కట్టడాలతో పాటు వారసత్వ జాబితాలో చేర్చారు. శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు రాయి, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు రాయి ఆ జాబితాలోనివే. జాబితాకెక్కని గుట్టలెన్నో భవనాల కోసం పేలిపోయాయి. కారులో వెళ్ళేవారికి ఉన్నవీ కనబడవు, పోయినవీ తెలియవు. మీ పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళండి.

దుర్గం చెరువు నుండి ఒకప్పుడు గోల్కొండ కోటలోని వారికి తాగునీరు వెళ్ళేది. రాళ్ళ మధ్య దాగి ఉన్నందున దీనికి రహస్య చెరువు అని కూడా పేరు. ఒడ్డున నడక దారి ఉంది. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన తీగల వంతెనను రాత్రి దీపాల్లో చూడటానికి అందరూ వస్తారు. మా మాట విని ఒకసారి తెల్లవారుజామున రండి. గాలి కాస్త తేటగా ఉంటుంది, గుట్టలూ కనిపిస్తాయి.

మోకాళ్ళ నొప్పులున్నవారికి శిల్పారామం మంచిది. 1992లో ఏర్పడిన ఈ చేతివృత్తుల గ్రామంలో కుమ్మరి, సాలె వంటి వృత్తులవారి బొమ్మలను నిలువెత్తున నిలబెట్టారు. ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆగుతూ, కాసేపు కూర్చుంటూ తిరిగినా నడక నడకే. చెట్ల నీడ కావాలంటే కొత్తగూడలో 274 ఎకరాల బొటానికల్ గార్డెన్ ఉంది.

సైకిలు మోకాళ్ళపై బరువు తగ్గిస్తుంది. బాహ్య వలయ రహదారి పక్కన 2023 అక్టోబరు 1న సౌర ఫలకాల కప్పుతో సైకిలు దారి ప్రారంభమైంది. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రాంగూడ నుండి పోలీసు అకాడమీ వైపు 8.5, నార్సింగి నుండి కొల్లూరు వరకు 14.5. నీడతో పాటు కరెంటూ ఇస్తుంది. కొత్తవారు మొదటి రోజే చివరిదాకా వెళ్ళకండి. వెళ్ళినంత దూరం తిరిగి రావాలి కదా! సీటు ఎత్తు సరిచూసుకోండి: తొక్కుడు కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. హెల్మెట్ తప్పనిసరి.

ఈ ప్రాంతంలో ఫుట్‌పాత్ ఉన్నట్టుండి మాయమవుతుందని మీకు తెలుసు. అలాంటిచోట ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడివైపున నడవండి. సైకిలు మాత్రం ఎడమవైపునే తొక్కాలి. ఆఫీసుల రద్దీ వేళల్లో పెద్ద రోడ్ల వెంట నడిస్తే పొగే మిగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదరకముందే ఇల్లు చేరండి. నీళ్ళు దగ్గర ఉంచుకోండి.

గుండె జబ్బు ఉన్నవారు ముందు వైద్యుని అడగండి. నడుస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట వస్తే వెంటనే ఆగి కూర్చోండి, 108కి ఫోను చేయండి. గ్యాస్ అనుకొని ఇంటిదాకా నడవకండి. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో గ్లూకోజు గాని చక్కెర గాని ఉంచుకోవాలి. వణుకు, చెమట, కళ్ళు తిరగడం మొదలైతే వెంటనే తినాలి. పాదాలు తిమ్మిరెక్కే మధుమేహ రోగులు బండల మీద ఉత్త కాళ్ళతో నడవకూడదు. రాయి గుచ్చుకున్నా తెలియదు. ఇంటికి వచ్చాక పాదాలు కడిగి, వేళ్ళ సందుల్లో తుడిచి, అరికాళ్ళను అద్దంలోనైనా చూసుకోండి. పుండు కనబడితే ఆ రోజే ఆసుపత్రిలో చూపించండి.