ఎంఈడీ నుంచి డీన్ ఆఫీసు దాకా

బీఈడీ చదివినవాళ్ల కళ్లన్నీ డీఎస్సీ మీదే. ఎంఈడీ చేసినవాళ్లలో కూడా చాలామంది ఏదో ఒక బీఈడీ కాలేజీలో లెక్చరర్‌గా కుదురుకుంటే చాలనుకుంటారు. యూనివర్సిటీ ఎడ్యుకేషన్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి, ప్రొఫెసరై, ఆపైన పీజీ అడ్మిషన్లనో పీహెచ్‌డీ వ్యవహారాలనో చూసే డైరెక్టర్, డీన్ స్థాయికి వెళ్లొచ్చన్న ఆలోచన కొద్దిమందికే వస్తుంది. వచ్చినవాళ్లలో కూడా ఎక్కువమందికి కనబడేది గది బయటి నేమ్‌ప్లేటే, లోపలి పని కాదు.

మన యూనివర్సిటీల్లో డీన్ అనేది విడిగా నోటిఫికేషన్ ఇచ్చి భర్తీ చేసే ఉద్యోగం కాదు. ఉన్న ప్రొఫెసర్లలో ఒకరికి కొన్నేళ్లపాటు అప్పగించే అదనపు బాధ్యత. క్లాసులు తప్పవు, తన దగ్గర చేస్తున్న స్కాలర్లు ఎక్కడికీ పోరు, వాటికి తోడు ఫైళ్లు. కాబట్టి డీన్ కావాలని ఈ దారిలోకి రాకూడదు. ప్రొఫెసర్ పని నచ్చితేనే రావాలి. ఎదుటివాళ్లు రాసింది ఓపిగ్గా చదవడం, దిద్దడం, మళ్లీ చదవడం ఆ పనిలో సగం.

అర్హతల సంగతి చూద్దాం. ఎడ్యుకేషన్‌లో ఒక్క ఎంఈడీతో సరిపెట్టుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు. టీచర్ ఎడ్యుకేషన్ కోర్సులు చెప్పే పోస్టులకు ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం ఎంఈడీతో పాటు సబ్జెక్టులో పీజీ, అంటే ఎమ్మెస్సీ మ్యాథ్స్, ఎంఏ తెలుగు లాంటిది, అడుగుతారు. రెండింట్లోనూ 55 శాతం మార్కులుండాలి. రిజర్వ్‌డ్ వర్గాలకు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు. ఎంఏ ఎడ్యుకేషన్‌ను కొన్ని పోస్టులకు ఒప్పుకుంటారు, కొన్నింటికి ఒప్పుకోరు. నోటిఫికేషన్‌లో అర్హతల పేజీని ఫీజు కట్టకముందే అక్షరం అక్షరం చదవండి.

తర్వాత నెట్. ఎడ్యుకేషన్ సబ్జెక్టు కోడ్ 09. మొదటి పేపర్‌లో 50 ప్రశ్నలు, రెండో పేపర్‌లో 100, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు. బోధన, పరిశోధన పద్ధతులు, ఉన్నత విద్యా వ్యవస్థ మొదటి పేపర్ సిలబస్‌లోనే ఉన్నాయి కాబట్టి ఫిజిక్స్ అభ్యర్థి కొత్తగా నేర్చుకోవాల్సింది ఎంఈడీ చేసినవాళ్లకు ముందే తెలుసు. ఈ సౌలభ్యాన్ని వాడుకునేవాళ్లు ఎందుకో తక్కువ. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్‌గా మారాక 42,000. వయసు 30 దాటకూడదు, మహిళలకు, రిజర్వ్‌డ్ వర్గాలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. జేఆర్‌ఎఫ్ రాకపోయినా 2024 నుంచి నెట్ స్కోరును పీహెచ్‌డీ అడ్మిషన్‌కు లెక్కలోకి తీసుకుంటున్నారు. స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. కొన్ని యూనివర్సిటీలు తమ సొంత ఎంట్రన్స్ కూడా పెడుతున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో కొలువులకు సెట్ కూడా పనికొస్తుంది.

ఇక పీహెచ్‌డీ. తప్పటడుగులు ఎక్కువ పడేది ఇక్కడే. మన ఎడ్యుకేషన్ విభాగాల్లో ఏ అల్మారా తెరిచినా 'బీఈడీ విద్యార్థుల వైఖరి', 'టీచర్ల వృత్తి సంతృప్తి' అన్న థీసిస్‌లు వరసగా కనిపిస్తాయి. ఒక ప్రశ్నావళి, మూడు జిల్లాలు, ఆడా మగా తేడా, పల్లె పట్నం తేడా, చివర ఒక టీ-టెస్టు. డిగ్రీ వస్తుంది, దాన్ని రెండోసారి తెరిచేవాడు ఉండడు. అదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కువి లాంటి భాషల్లో వాచకాలు తెచ్చిన బహుభాషా విద్యా కార్యక్రమాన్ని తీసుకోండి. ఆ పుస్తకాలు తరగతి గదిలో ఏమయ్యాయి? ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల తెలుగు వాచకం దగ్గర ఎక్కడ ఆగిపోతోంది? ఇలాంటి ప్రశ్నకు బడిలో నెలల తరబడి కూర్చోవాలి. కష్టమే. కానీ ఇంటర్వ్యూ బోర్డు పది నిమిషాలు మాట్లాడించేది ఇలాంటి పని గురించే.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన పేరెంత పెద్దదో చూస్తారు, రిటైర్మెంట్ ఎప్పుడో చూడరు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది స్కాలర్లకు మించి ఉండకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను చేర్చుకోకూడదు. ఖాళీ సీట్లెన్నో, గైడ్‌కు ఇంకెంత సర్వీసుందో అడగడం అమర్యాదేమీ కాదు.

ఉద్యోగం వచ్చాక మెట్లు ఎలా ఉంటాయంటే, అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది. చేరేనాటికే పీహెచ్‌డీ ఉంటే, ప్రమోషన్ పద్ధతిలో అన్నీ సకాలంలో జరిగితే 12 ఏళ్లకు అసోసియేట్, ఇంకో 3 ఏళ్లకు ప్రొఫెసర్. అక్కడ మూల వేతనం 1,44,200. నేరుగా ప్రొఫెసర్ పోస్టుకు పోటీ పడాలంటే పదేళ్ల అనుభవం, పది పరిశోధన పత్రాలు, 120 రీసెర్చ్ స్కోరు కావాలి. 'అన్నీ సకాలంలో జరిగితే' అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోవడం, ఈలోగా కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులుగా జనం నలిగిపోవడం మన కళ్లముందున్నదే. అందుకే ఉస్మానియా, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర అని ఎదురుచూస్తూ కూర్చోకుండా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, మైసూరు, భువనేశ్వర్, భోపాల్, అజ్మీర్‌లలోని ఎన్‌సీఈఆర్‌టీ ప్రాంతీయ విద్యా సంస్థలు, ఢిల్లీలోని నీపా, బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ప్రకటనలు కూడా చూస్తుండాలి.

ఇప్పుడు డీన్ ఆఫీసులోకి వద్దాం. పరిశోధన వ్యవహారాలు చూసే డీన్ టేబుల్ మీదికి వచ్చే ఒక ఫైలు ఊహించుకోండి. గురుకులంలో టీచరుగా పనిచేస్తూ పీహెచ్‌డీ చేస్తున్న స్కాలర్. ఆరో ఏడు నిండబోతోంది, గైడ్ రిటైరయ్యారు, మధ్యలో ప్రసూతి. ఫైల్లో అడ్మిషన్ ఆర్డరు, కోర్స్‌వర్క్ మార్కుల మెమో, కొన్ని సెమిస్టర్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, గడువు పొడిగించమన్న దరఖాస్తు. రెండు రిపోర్టులు లేవు. నిబంధన తెలియని ఆఫీసైతే 'గడువు ముగిసినందున' అని నోట్ పెట్టి పైకి పంపేస్తుంది. నిజానికి ఆరేళ్ల తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌తో 2 ఏళ్లు, మహిళలకు ఇంకో 2 ఏళ్లు వస్తాయి. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు విడిగా ఉంది. కొత్త గైడ్‌ను ఇప్పించి, ఆగిపోయిన రిపోర్టులను రీసెర్చ్ కమిటీ ముందు పెట్టిస్తే ఆ అమ్మాయి థీసిస్ ఇవ్వగలదు. ఈ రెండు దారుల మధ్య తేడా డీన్ ఆ మధ్యాహ్నం పాత రిజిస్టరు తెప్పించి తేదీలు లెక్కపెట్టడం దగ్గరే ఉంటుంది. సన్మానాలు, శాలువాలు దొరికే పని కాదిది. ప్లేజియరిజం రిపోర్టు మీద సంతకం పెట్టనన్నందుకు తోటి ప్రొఫెసరే మొహం చాటేస్తాడు కూడా.

ఎడ్యుకేషన్ నుంచి వచ్చినవాళ్లకు ఈ కుర్చీలో కొంత మొగ్గు ఉంటుందని నా నమ్మకం. సిలబస్ ఎలా కూర్చాలి, ప్రశ్నపత్రం ఏం కొలవాలి అన్నవి మిగతావాళ్లకు పక్క పనులు, వీళ్లకు సొంత సబ్జెక్టు. పైగా ఏ విభాగం స్కాలరైనా బోధనలో శిక్షణ పొందాలని 2022 నిబంధనలే చెబుతున్నాయి. దాన్ని కెమిస్ట్రీ స్కాలర్లకూ చెప్పగలిగేది ఎడ్యుకేషన్ విభాగమే. అయినా చాలాచోట్ల వీళ్లను బీఈడీ అడ్మిషన్లకు తప్ప పిలవరు. సబ్జెక్టు ఏదైనా వ్యవస్థను అర్థం చేసుకున్నవాళ్లు ఎంత దూరం వెళ్తారో చెప్పడానికి జి. రాంరెడ్డి గారున్నారు. ఉస్మానియాలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ బోధించిన ఆయన 1982లో ఇక్కడ ఓపెన్ యూనివర్సిటీకి, 1985లో ఇగ్నోకు తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు, తర్వాత యూజీసీ ఛైర్మన్.

అమెరికా లెక్క వేరు. అక్కడ గ్రాడ్యుయేట్ స్కూల్ పెద్ద వ్యవస్థ. డీన్ సాధారణంగా ప్రొఫెసరే అయినా, అడ్మిషన్లు, ఫెలోషిప్‌లు, థీసిస్ ఫార్మాట్ చూసేవాళ్లంతా అదే వృత్తిగా ఉన్న ఉద్యోగులు. ఎంఎస్‌కు, పీహెచ్‌డీకి దరఖాస్తు చేసే మన పిల్లలు ముందు ఉత్తరాలు నడిపేది వీళ్లతోనే. ఫండింగ్ ఆఫర్‌కు జవాబివ్వడానికి ఏప్రిల్ 15 వరకు గడువన్న ఒప్పందం కూడా అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలిదే. హయ్యర్ ఎడ్యుకేషన్ అడ్మినిస్ట్రేషన్‌లో అక్కడ మాస్టర్స్ ఉంది, హార్వర్డ్ వందేళ్ల కింద మొదలుపెట్టిన ఎడ్‌డీ డిగ్రీ ఉంది. ఎడ్‌డీ చేసి తిరిగొద్దామనుకుంటే, ఇక్కడ దాన్ని పీహెచ్‌డీకి సమానంగా లెక్కిస్తారో లేదో వీసాకు ముందే తేల్చుకోండి.

ఎంఈడీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. పీహెచ్‌డీ వైవాలు మూసిన గదుల్లో జరగవు. విభాగం నోటీసు బోర్డులో తేదీ వేస్తారు. హెచ్‌ఓడీ గారిని అడిగి వెనక వరసలో కూర్చోండి. 'ఈ బడులనే ఎందుకు ఎంచుకున్నావమ్మా? ఈ ప్రశ్నావళి సరిగ్గానే కొలుస్తోందని నీకెలా తెలుసు?' అని ఎక్స్‌టర్నల్ అడిగినప్పుడు స్కాలర్ ఏం చెప్పారో నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు మూడు వైవాలు చూస్తే మీ సినాప్సిస్‌లో ఏం ఉండాలో చాలావరకు తేలిపోతుంది.