పల్నాడు విజ్ఞాన యాత్ర – మేము నేర్చుకున్న పాఠం

చరిత్రను పుస్తకంలో చదవడం వేరు, ఆ నేల మీద నిలబడి తెలుసుకోవడం వేరు. ఈ ఉద్దేశంతోనే పూర్వ విద్యార్థులమైన మేము, హాస్టల్ తమ్ముళ్లను వెంటబెట్టుకొని నరసరావుపేట నుండి రెండు రోజుల యాత్రకు బయలుదేరాము. మా ఇళ్లలో డిగ్రీ దాటిన మొదటివాళ్లం మేమే. చూసినవి రాకపోయిన తమ్ముళ్ల కోసం వ్రాస్తున్నాము.

కొండవీడు: 14వ శతాబ్దంలో అనవోతారెడ్డి తన రాజధానిని అద్దంకి నుండి ఇక్కడికి మార్చాడు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దీనిని గజపతుల నుండి గెలుచుకున్నాడు. బురుజుల కన్నా కొండ మీది చెరువులే మమ్మల్ని ఆకట్టుకున్నాయి. శత్రువులు నెలల తరబడి చుట్టుముట్టినా లోపలివారికి త్రాగునీరు ఉండాలి కదా!

కారంపూడి: పిడుగురాళ్ల వైపు సాగేకొద్దీ సున్నపురాయి, నాపరాయి నేల. నాగులేటి ఒడ్డున ఉన్న కారంపూడిలో 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం జరిగింది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు ఒకే తండ్రి బిడ్డలు. కోడిపందెంలో ఓడిన మాచర్ల వారు ఏడేళ్లు వలస వెళ్లారు. గడువు తీరినా రాజ్యభాగం దక్కక యుద్ధం వచ్చిందని కథ. ఈ కథను శతాబ్దాలుగా పాడి నిలిపినవారు వీరవిద్యావంతులు. వీరుల గుడి దగ్గర ఏటా కార్తీకంలో తిరునాళ్లు జరుగుతాయి.

నాగార్జునకొండ: రెండవ రోజు ఉదయం లాంచీలో వెళ్లాము. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ ఇప్పుడు సాగర్ నీటి అడుగున ఉంది. నీరు చేరకముందే 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీద, అనుపులో తిరిగి నిలబెట్టారు.

మాచర్ల: తిరుగు దారిలో చెన్నకేశవస్వామి గుడి చూసి, చంద్రవంక దగ్గర చెట్టు క్రింద పట్టా పరచి, తెచ్చుకున్న పులిహోర పెట్టుకున్నాము. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడని, అదే చాపకూడు అని చెప్పాము. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకులా పెంచి, సేనాపతిని చేశాడని కూడా చెప్పాము.

ఏడవ తరగతి తమ్ముడొకడు ముద్ద చేతిలోనే పట్టుకొని, "అన్నా, మనోళ్లు సేనాపతులుగా కూడా చేశారా?" అన్నాడు. మాకు వెంటనే మాట రాలేదు. చిన్నప్పుడు మా ఊళ్లలో పెళ్లిభోజనాలకు మా వాళ్లను చివర, విడిగా కూర్చోబెట్టడం చూసినవాళ్లం మేము. ఎనిమిది వందల ఏళ్ల నాటి కథలో ఉన్నది మా ఊరి పందిట్లో ఎందుకు లేదు?

"చేశారు తమ్ముడూ, తిను" అన్నాము.

తమ్ముళ్లూ! కోటలు కూలాయి, నగరం మునిగింది. చాపకూడు మాట మాత్రం మిగిలింది. రోజూ మన మెస్‌లో ఒకే వరుసన కూర్చొని తింటున్నాము. ఆ వరుసను మన ఊళ్లకు కూడా తీసుకువెళ్లడమే ఈ యాత్ర నేర్పిన పాఠం.