ఉప్పునీటి చేపకు జబ్బు చేస్తే



ఉప్పునీటి అక్వేరియంలో చేపలు చాలావరకు రెండు కారణాల వల్ల చనిపోతాయి. ఒకటి చెడిన నీరు, రెండోది పరాన్నజీవులు. మొదట్లో ఈ రెండింటి లక్షణాలూ ఒకేలా ఉంటాయి. చేప మేత మానేస్తుంది, మొప్పలు గబగబా ఆడిస్తుంది, నీటి పైభాగానికో పంపు ధార దగ్గరికో చేరి అక్కడే నిలబడుతుంది. ఈ దశలో మందు పోస్తే నీరు చెడిన ట్యాంకు ఇంకా చెడుతుంది. కాబట్టి వైద్యం ఎప్పుడూ నీటి పరీక్షతోనే మొదలవ్వాలి.

ఉప్పు వెయ్యికి 35 పాళ్లు, సాంద్రత 1.025, పీహెచ్ 8.1 నుంచి 8.4, వేడి 25 నుంచి 27 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా. ఆరోగ్యమైన ట్యాంకు కొలతలివి. వీటిలో అమ్మోనియాను ముందు చూడాలి. సముద్రపు నీటికి క్షారగుణం ఉండడం వల్ల అమ్మోనియాలో విషరూపం పాలు మంచినీటి తొట్టిలో కంటే చాలా ఎక్కువ. కిట్‌లో కొద్దిగా రంగు మారినా మొప్పలు కాలిపోతున్నట్టే లెక్క. అప్పుడు చేయాల్సిన వైద్యం ఒక్కటే: సమానమైన ఉప్పు, సమానమైన వేడి ఉన్న కొత్త నీటితో సగం నీరు మార్చడం.

పలనాడులో ఈ నీటి సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. ఇక్కడిది సున్నపురాయి నేల. పిడుగురాళ్ల, మాచర్ల వైపు బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువ. అందులో నేరుగా ఉప్పు కలిపితే కొలతలు ఎప్పటికీ కుదురుకోవు. ఆర్.ఓ. నీటిలో అక్వేరియం ఉప్పు కలుపుకోవాలి. సూర్యలంక నుంచో ఓడరేవు నుంచో డబ్బాల్లో సముద్రపు నీరు తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. వానాకాలంలో కృష్ణ వరద కలిసి ఆ తీరపు నీటిలో ఉప్పు పలచబడుతుంది. పైగా ఆ నీటితో పాటు రోగక్రిములూ రావచ్చు. రొయ్య హేచరీల వాళ్లు సైతం ఆ నీటిని వడగట్టి, క్లోరిన్‌తో శుద్ధి చేసి, ఆ క్లోరిన్ పూర్తిగా పోయాకే వాడతారు.

ఇక వేడి. రెంటచింతలలో 45 డిగ్రీలు దాటే ఎండాకాలంలో, నీడనున్న గదిలో కూడా ట్యాంకు నీరు 30 దాటిపోతుంది. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు కరుగుతుంది. అదే వేడిలో సముద్రపు నీటిలో కరిగేది 6.7 మాత్రమే. 30 డిగ్రీలకు అది 6.2కి పడిపోతుంది. చేపకు గాలి తగ్గే ఆ రోజుల్లోనే పరాన్నజీవులు మరింత వేగంగా పెరుగుతాయి. చిల్లర్, కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు లేకుండా పలనాడులో ఉప్పునీటి చేపలు పెంచకపోవడమే మేలు.

నీరు బాగుందని తేలాకే చేపను చూడాలి. గదిలో దీపాలు ఆర్పి, టార్చి వెలుగు పక్క నుంచి వేస్తే చర్మం మీద పూత, చుక్కలు, గీతలు తెలుస్తాయి. అదే జాతి ఆరోగ్యమైన చేపతో పోల్చి మొప్పల వేగం లెక్కించాలి. ఏ లక్షణం ఏ రోజు కనిపించిందో రాసి పెట్టుకోవాలి. ఉప్పునీటి చేపల జబ్బుల్ని వేరు చేసేది ముఖ్యంగా లక్షణాలు ముదిరే వేగమే.

రవ్వ గింజలంత తెల్లటి చుక్కలు రెక్కల మీద, ఒంటి మీద విడివిడిగా కనిపిస్తే అది తెల్లమచ్చ. దానికి కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణజీవి. రొయ్యల చెరువుల్ని 1994 నుంచి దెబ్బతీస్తున్న వైట్ స్పాట్ వైరస్‌కూ దీనికీ సంబంధం లేదు కాబట్టి ఆక్వా షాపులో ఆ పేరు చెప్పి తెచ్చిన సరుకు ఇక్కడ పనికిరాదు. ఈ జీవి చేప చర్మం కింద 3 నుంచి 7 రోజులు తిని బలుస్తుంది. తర్వాత రాలిపోయి, ఇసుకకో రాయికో అంటుకుని గట్టి తిత్తి కట్టుకుంటుంది. సాధారణంగా 3 రోజుల నుంచి 4 వారాల్లోపు ఎప్పుడో ఆ తిత్తి పగిలి, వందల కొద్దీ పిల్లలు ఈదుకుంటూ బయటికి వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో వాటికి చేప దొరక్కపోతే చస్తాయి. చర్మంలో ఉన్నప్పుడు గానీ తిత్తిలో ఉన్నప్పుడు గానీ దాన్ని ఏ మందూ అందుకోలేదు. ఈదే పిల్లల మీదే మందు పనిచేస్తుంది. చుక్కలు రాలి చేప శుభ్రంగా కనబడగానే జబ్బు నయమైందని వైద్యం ఆపేయడం అందరూ చేసే పొరపాటు. అప్పుడే ట్యాంకు అడుగున తిత్తులు నిండుతుంటాయి. రెండో విడతలో చుక్కలు పదింతలవుతాయి, చేపలు చచ్చేదీ అప్పుడే.

చుక్కలు కంటికి ఆనీ ఆననంత సన్నగా, లేత పసుపు పూతలా ఉండి, చేప రొప్పుతూ వెలుతురుకు మొహం చాటేస్తే అది వెల్వెట్. దాని పేరు అమైలోఊడినియం. అది మొదట మొప్పల్ని పట్టుకుంటుంది కాబట్టి ఒంటి మీద ఏమీ కనబడకముందే చేప చావవచ్చు. తెల్లమచ్చ వారాల జబ్బు, ఇది రోజుల జబ్బు. తిత్తి నుంచి 256 దాకా పిల్లలు పుడతాయి. అనుమానం వచ్చిన రోజే చేపల్ని వేరు చేయాలి, నిర్ధారణ కోసం రెండో రోజు దాకా ఆగకూడదు.

క్లౌన్ చేప ఒంటి మీద జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా. దానికి కాపర్ (రాగి) మందు పనిచేయదు, గాలి బాగా పెట్టి కొలతగా ఫార్మలిన్ స్నానం చేయించాలి. ఫార్మలిన్ మనిషికీ హానికరం, గ్లౌజులు లేకుండా, కిటికీలు మూసిన గదిలో దాన్ని ముట్టుకోరాదు. క్రోమిస్, డామ్సెల్ చేపల పక్కల్లో ఎర్రటి పుండు పడితే యూరోనీమా అనుకోవాలి, అది కండలోకి దిగాక చేప బతకడం అరుదు. రెక్క అంచున కాలీఫ్లవర్ ముద్దలాంటివి వస్తే అది లింఫోసిస్టిస్ అనే వైరస్, మందు లేదు, అవసరమూ లేదు, మంచి మేత పెడితే చాలాసార్లు తగ్గిపోతుంది.

కళ్లు మసకబారి, చేప ఒళ్లు రాళ్లకు రుద్దుకుంటుంటే చర్మపు పురుగుల్ని అనుమానించాలి. దీనికి తేలికైన పరీక్ష మంచినీటి స్నానం. అదే వేడి ఉన్న, క్లోరిన్ లేని ఆర్.ఓ. నీటిలో కొంచెం వంటసోడా కలిపి పీహెచ్ సరిచేసి, గాలి పెట్టి, చేపను 5 నిమిషాలు ఉంచితే పురుగులు తెల్లబడి రాలతాయి. రాలినవి కనబడితే ప్రాజిక్వాంటెల్ లీటరుకు 2.5 మిల్లీగ్రాములు, వారం తర్వాత మరోసారి వేయాలి. పశువుల మందుల షాపులో దొరికే కుక్కల మాత్రల్లో దీంతో పాటు వేరే మందులూ కలిసి ఉంటాయి, వాటిని వాడకూడదు.

సరైన నిర్ధారణ మైక్రోస్కోపుతోనే జరుగుతుంది. చర్మం మీది జిగురును గాజు పలక మీద పూసి చూపిస్తే జువాలజీ చదివినవాళ్లు ఏకకణజీవిని గుర్తుపట్టగలరు. బాపట్ల, చీరాల తీరాన రొయ్యలకు పెట్టిన ల్యాబుల్లోనూ మైక్రోస్కోపు ఉంటుంది. చచ్చి గంటలు గడిచిన చేపను పరాన్నజీవులు వదిలేస్తాయి కాబట్టి జబ్బుతో ఉన్న, బతికున్న చేపనే చూపించాలి.

వైద్యం జరగాల్సింది అసలు ట్యాంకులో కాదు. 60, 70 లీటర్ల ఖాళీ గాజుతొట్టి, స్పాంజి ఫిల్టర్, దాక్కోవడానికి పీవీసీ గొట్టాల ముక్కలు చాలు. రాయి, ఇసుక ఉండకూడదు. అలంకారానికని పలనాటి నాపరాయి ముక్క ఒక్కటి వేసినా అది కాపర్‌ను పీల్చేస్తుంది, మందు మోతాదు ఎంతో తెలియకుండా పోతుంది. ఉప్పునీటి చేప ఒంట్లోని నీరు ఎప్పుడూ సముద్రంలోకి పోతుంటుంది కాబట్టి అది నీరు తాగుతూనే ఉంటుంది. తొట్టిలో వేసిన మందు దాని కడుపులోకీ వెళుతుంది. మోతాదులో చిన్న తప్పును కూడా అది తట్టుకోలేకపోవడానికి ఇదొక కారణం.

తెల్లమచ్చకూ వెల్వెట్‌కూ కాపర్ పాత మందు, నమ్మకమైన మందు. సాదా కాపర్ అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు, రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచి, రోజూ కిట్‌తో కొలుస్తూ 30 రోజులు ఉంచాలి. చీలేటెడ్ కాపర్ మోతాదు వేరు, డబ్బా మీద రాసిందే పాటించాలి. పురుగుమందుల దుకాణంలో దొరికే మైలుతుత్తం ఇందుకు వాడకూడదు. 100 లీటర్లకు 80 మిల్లీగ్రాముల కంటే తక్కువే పట్టే ఆ పదార్థాన్ని ఇంటి తక్కెడతో తూచలేం, చిటికెడు ఎక్కువైతే తొట్టి మొత్తం పోతుంది. రొయ్య, నత్త, పగడం ఉన్నచోట ఏ కాపరూ వేయరాదు. రాతి పగడాలూ సముద్ర గుర్రాలూ 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి వాటిని ఇంట్లో పెంచనే కూడదు.

తెల్లమచ్చకు మందే లేని పద్ధతీ ఉంది. 72 గంటలు దాటనివ్వకుండా చేపను పూర్తిగా ఆరిన మరో తొట్టికి మార్చాలి. 12 రోజుల్లో ఇలా నాలుగుసార్లు మారిస్తే రాలిన జీవులు పాత తొట్టిలోనే మిగిలిపోతాయి. శ్రమ ఎక్కువ, విషం లేదు, కొత్తవాళ్లకు ఇదే మంచిది. ఉప్పును 1.009 సాంద్రతకు తగ్గించి వారాలు ఉంచే పద్ధతి తెల్లమచ్చకు పనిచేస్తుంది గానీ వెల్వెట్‌కు పనిచేయదు. పుండు కనిపించని చేపకు యాంటీబయాటిక్ ఇవ్వకూడదు, ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియా చచ్చి అమ్మోనియా పెరుగుతుంది. మందు కలిసిన నీటిని సాగర్ కాలువలోనో చేలోనో పారబోయడం ఎంతమాత్రం తగదు.

చేపల్ని వేరు చేశాక అసలు ట్యాంకు 76 రోజులు చేపల్లేకుండా ఖాళీగా నడవాలి. తెల్లమచ్చ తిత్తుల్లో ఆలస్యంగా పగిలేవి అంతకాలం ఉండగలవు. ఆ గడువు పూర్తయ్యేదాకా ఆ ట్యాంకులోకి ఒక్క కొత్త చేపను కూడా తేకూడదు. తర్వాత కొనే ప్రతి చేపా ముందు నెల రోజులు వేరే తొట్టిలో ఉండి రావాలి.