విద్యుత్ కారు చౌర్యం – యజమాని కర్తవ్యం

దొంగతనం ప్రాచీనమైనది. దొంగిలింపబడే వస్తువు మాత్రం కాలానుగుణంగా మారుతూ వస్తున్నది. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఎద్దుల జత పోయిందని రైతు కంటతడి పెట్టిన రోజులు ఉన్నాయి. తరువాత సైకిలు వంతు వచ్చింది. ఆ పైన పొలాలలోని నీటి మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లలోని రాగి తీగ దొంగల కంట పడినాయి. నేడు విద్యుత్తుతో నడిచే వాహనాలు పట్టణాలను దాటి పిట్టలవానిపాలెం వంటి మండల కేంద్రాల వైపు కూడ వస్తున్నాయి. కనుక వాటి చౌర్యాన్ని గూర్చి ముందుగానే ఆలోచించడం వివేకవంతుల లక్షణం.

మధ్యతరగతి కుటుంబానికి ఇంటి తరువాత అతి పెద్ద కొనుగోలు కారే. పెక్కుమంది దానిని బ్యాంకు అప్పుతోనే కొంటారు. కారు ఒక్క రాత్రిలో మాయం కావచ్చును గాని, అప్పు వాయిదా మాయం కాదు. అందువల్ల ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం ఒక్కటే. యంత్రం ఎంత తెలివైనదైనా, పోయిన కారును తిరిగి తెచ్చేవి, తేలేనినాడు పరిహారం ఇప్పించేవి రెండే: అదే రోజున చేసిన ఫిర్యాదు, ముందుగానే సరిచూచుకొన్న కాగితాలు.

విద్యుత్ కారు ప్రత్యేకత

పెట్రోలు కారుకు ఇంజను నంబరు ఉన్నట్లే విద్యుత్ కారుకు మోటారు నంబరు ఉంటుంది. ఛాసిస్ నంబరు రెండింటికీ ఉన్నది. 2018 నుండి మన దేశంలో విద్యుత్ వాహనాలకు ఆకుపచ్చ నంబరు పలక ఏర్పడింది. సొంత వాహనాలకు దానిపై తెల్ల అక్షరాలు, బాడుగ వాహనాలకు పసుపు అక్షరాలు ఉంటాయి. పలకను మార్చడం దొంగకు సులభం. లోహంపై చెక్కిన ఛాసిస్ నంబరును జాడ తెలియకుండ చెరపడం అంత సులభం కాదు. కారు గుర్తింపు అంతా ఆ నంబరుపైనే ఆధారపడి ఉన్నది.

ఈ కార్లలో పెక్కింటికి ఉపగ్రహ సంకేతాలతో తానున్న చోటును తెలిసికొని, సిమ్ కార్డు ద్వారా ఆ వివరాన్ని యజమాని ఫోనుకు పంపే సాధనం అమర్చబడి ఉంటుంది. ఇది గొప్ప సదుపాయమే. కాని సిగ్నలు అందని చోట, లేదా దొంగ ఆ సాధనాన్ని ఊడబెరికిన క్షణం నుండి అది మూగబోతుంది. కనుక దాని సాక్ష్యానికి విలువ తొలి గంటలలోనే ఎక్కువ.

తాళం విషయంలోనూ అతి విశ్వాసం తగదు. 2018లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టెస్లా మోడల్ ఎస్ కారు తాళంచెవి పంపే రేడియో సంకేతాన్ని కొద్ది సెకన్లలో నకలు చేయవచ్చునని నిరూపించారు. ఆ సంవత్సరమే ఆ కంపెనీ, రహస్య సంఖ్యను నొక్కితే తప్ప కారు కదలని ఏర్పాటును ప్రవేశపెట్టింది. అట్టి ఏర్పాటు ఉన్న కారును కొన్నవారు దానిని తప్పక వినియోగించుకోవలెను. మరొక విశేషమేమనగా, ఛార్జింగు తీగ తగిలించి ఉన్నంతసేపు విద్యుత్ కారు సాధారణంగా ముందుకు కదలదు. రాత్రివేళ ఇంటి ప్రహరీ లోపల ఛార్జింగులో ఉంచడం ఒక విధంగా కాపలా వంటిదే.

కారు బ్యాటరీ వందల కిలోల బరువు కలిగి, అడుగు భాగాన బిగింపబడి ఉంటుంది. అందులోని విద్యుత్ పీడనం ప్రాణాపాయకరమైనది. కాబట్టి దానిని రోడ్డు పక్కన ఊడదీసికొని పోవడం సాధ్యం కాదు. విద్యుత్ ఆటోల, స్కూటర్ల బ్యాటరీల సంగతి వేరు. అవి చేతితో మోయదగినవి. వాటి యజమానులు బ్యాటరీ నంబరును కూడ వ్రాసి ఉంచుకోవలెను. విడి భాగాల చౌర్యం ఎంత దూరం పోగలదో మన రాష్ట్రంలోనే కనబడింది. పెనుకొండలోని కియా కర్మాగారానికి చెందిన సుమారు 900 ఇంజన్లు కొన్ని సంవత్సరాలుగా మాయమైన సంగతి 2025లో బయటపడింది. లెక్క సరిచూడని చోట పెద్ద సంస్థకైనా నష్టం తప్పదు. ఇక సామాన్యుని గూర్చి చెప్పనేల?

తొలి గంటల కర్తవ్యం

కారు కనబడలేదని తెలిసిన వెంటనే మొదట నిర్ధారించుకోవలసిన విషయం, అప్పు వాయిదా తప్పినందున ఫైనాన్సు సంస్థవారు గాని, నిలుపరాని చోట నిలిపినందున పోలీసులు గాని దానిని తీసికొని పోలేదు కదా అన్నది. అది కానప్పుడు 112 నంబరుకు ఫోను చేయవలెను. ఫోనులో కారు ఉన్న చోటు కనబడుతూంటే, తేదీ, సమయం కనిపించేటట్లు ఆ చిత్రాన్ని భద్రపరచి పోలీసులకు అప్పగించవలెను. స్వయంగా వెంటాడబోవడం ప్రాణాపాయానికి దారితీయవచ్చును. చిత్రంలో చోటు తెలుస్తుంది గాని, అక్కడ ఎందరు ఉన్నారో, వారి చేతిలో ఏమున్నదో తెలియదు.

ఫాస్టాగ్ మరొక ఆధారం. కారు బొల్లాపల్లి టోల్ గేటునో, కాజ టోల్ గేటునో దాటితే సొమ్ము తగ్గినట్లు ఫోనుకు సందేశం వస్తుంది. ఆ సందేశంలోని వేళను బట్టి కారు ఏ దిక్కుగా పోయిందో పోలీసులు ఊహింపగలరు. ఈ సందేశాన్ని వారికి చూపిన తరువాత ఫాస్టాగ్‌ను, కారుతో ముడిపడిన చెల్లింపు ఖాతాలను నిలుపుదల చేయించవలెను. కారు తెరలో నిక్షిప్తమైన ఇంటి చిరునామా, ఫోను నంబర్లు దొంగ చేతిలో పడినాయని కూడ గుర్తుంచుకోవలెను.

చట్టం ఏమంటున్నది

1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. దాని 303వ సెక్షను దొంగతనాన్ని నిర్వచించి, మూడేళ్ల వరకు శిక్షను విధించింది. సరుకులను గాని ప్రయాణికులను గాని చేరవేసే వాహనాన్ని దొంగిలిస్తే 305వ సెక్షను క్రింద ఏడేళ్ల వరకు శిక్ష, జరిమానా ఉన్నాయి. దొంగసొత్తు అని తెలిసి కొన్నవాడు కూడ 317వ సెక్షను ప్రకారం నేరస్థుడే. చవకగా వస్తున్నదని కాగితాలు లేని బ్యాటరీని కొనేవారు ఈ సంగతి గ్రహింపవలెను.

ఫిర్యాదు విషయంలో భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షను ప్రతి పౌరునికి తెలిసి ఉండవలసినది. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు చేయవచ్చును. ఇది మన ప్రాంతానికి ఎంతో ఉపయోగకరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగిన నాటి నుండి పిట్టలవానిపాలెం, రేపల్లె బాపట్ల జిల్లాలో ఉన్నాయి. తెనాలి గుంటూరు జిల్లాలో ఉన్నది. తెనాలిలో పోయిన కారును గూర్చి బాపట్ల జిల్లాలో ఫిర్యాదు చేస్తే, 'ఇది మా పరిధి కాదు' అని త్రిప్పి పంపుటకు వీలులేదు. ఎలక్ట్రానిక్ సాధనాల ద్వారా కూడ ఫిర్యాదు పంపవచ్చును. అయితే మూడు రోజులలో దానిపై సంతకం చేయవలెను. ఎఫ్.ఐ.ఆర్. నకలును ఉచితంగా పొందడం ఫిర్యాదుదారుని హక్కు. నమోదుకు నిరాకరిస్తే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు వ్రాతపూర్వకంగా తెలుపవచ్చును. అక్కడా ఫలితం లేనప్పుడు మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలో ఫిర్యాదుదారునకు తెలియజేయవలెనని కూడ ఆ చట్టమే నిర్దేశించింది.

బీమాలోని మెలిక

1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్బంధం చేసినది ఇతరులకు కలిగే నష్టానికి చేసే బీమాను మాత్రమే. దొంగతనం దాని పరిధిలోకి రాదు. 2018 సెప్టెంబరు నుండి కొత్త కారుకు ఇట్టి బీమాను ఒక్కసారిగా మూడేళ్లకు తీసికొనవలసి ఉన్నది. ఇక్కడనే పలువురు పొరపడుతున్నారు. 'మూడేళ్ల బీమా ఉన్నది కదా' అని నిశ్చింతగా ఉంటారు. కాని సొంత వాహన నష్టానికి, చౌర్యానికి వర్తించే బీమా తరచుగా ఒక్క సంవత్సరానిదే అయి ఉంటుంది. రెండవ ఏట దానిని పునరుద్ధరింపనివారికి కారు పోయిననాడు ఒక్క రూపాయి కూడ రాదు.

వచ్చే మొత్తం కూడ కొన్న ధర కాదు. వయస్సును బట్టి తరుగు తీసివేస్తారు. ఉదాహరణకు 12,00,000 రూపాయల కారుకు రెండేళ్లు నిండి మూడేళ్లు నిండని దశలో 30 శాతం తరుగు పోగా, బీమా విలువ 8,40,000 రూపాయలు అవుతుంది. అప్పు ఇంకా 9,00,000 ఉంటే, బీమా సొమ్ము ముందుగా అప్పిచ్చిన సంస్థకే పోతుంది. కారు లేని యజమాని మిగిలిన 60,000 రూపాయలను తన చేతి నుండి చెల్లించవలెను. కొన్న ధర మేరకు పరిహారమిచ్చే అదనపు ఒప్పందం కూడ దొరుకుతుంది. తొలి సంవత్సరాలలో దానిని గూర్చి విచారించడం మంచిది.

బీమా సంస్థకు కూడ అదే రోజున వ్రాతపూర్వకంగా తెలుపవలెను. ఆలస్యమైతే ఏమగునన్న ప్రశ్న సుప్రీంకోర్టు వరకు పోయింది. 2010లో ఒక ట్రాక్టరు దొంగిలింపబడింది. యజమాని ఆ రోజుననే పోలీసులకు ఫిర్యాదు చేశాడు. కాని బీమా సంస్థకు నెలన్నర దాటిన తరువాతనే తెలిపాడు. సంస్థ పరిహారాన్ని నిరాకరించింది. 2020 జనవరి 24న, తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ సభ్యులుగా ఉన్న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, పోలీసు ఫిర్యాదు వెంటనే జరిగినప్పుడు కేవలం బీమా సంస్థకు తెలుపుటలో జాప్యమైనదన్న కారణంతో పరిహారాన్ని నిరాకరింపరాదని తీర్పు చెప్పింది. ఆ యజమానిని రక్షించినది తొలి రోజున ఇచ్చిన ఫిర్యాదు కాగితమే.

పరిహారం కోరునప్పుడు రిజిస్ట్రేషను పత్రం, ఎఫ్.ఐ.ఆర్. నకలు, కారు దొరకలేదని పోలీసులు ఇచ్చే తుది నివేదికతోపాటు తాళంచెవులు రెండింటినీ అడుగుతారు. ఒకటి కనబడకున్నచో ప్రశ్నలు మొదలవుతాయి. న్యాయం జరుగలేదని భావించినవారు బీమా అంబుడ్స్‌మన్‌కు గాని, జిల్లా వినియోగదారుల కమిషనుకు గాని విన్నవించుకోవచ్చును.

కారు దొరికిన పిమ్మట

దొరికిన కారు పోలీసు స్టేషను ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టవలసిన అవసరం లేదు. అట్లు వాహనాలను దీర్ఘకాలం ఉంచరాదని, ఛాయాచిత్రాలు తీసి, పూచీకత్తుపై హక్కుదారునికి ఇవ్వవలెనని గుజరాత్ రాష్ట్రానికి చెందిన కేసులో 2002లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. విద్యుత్ కారుకు ఈ తీర్పు మరింత ముఖ్యం. నెలల తరబడి ఛార్జింగు లేక పూర్తిగా అడుగంటిన బ్యాటరీ తిరిగి పనికిరాకుండ పోవచ్చును. కనుక యజమాని వెంటనే కోర్టులో దరఖాస్తు పెట్టుకోవలెను. కారు చేతికి వచ్చిన తరువాత కంపెనీ నిపుణులు పరీక్షింపకుండ ఛార్జింగుకు తగిలింపరాదు.

విద్యార్థుల బాధ్యత

పై విషయాలలో ఏ ఒక్కటీ పెద్ద చదువులను కోరేది కాదు. ఛాసిస్ నంబరు, మోటారు నంబరు, బ్యాటరీ నంబరు, బీమా గడువు తేదీ — ఈ నాలుగింటిని ఒక కాగితంపై వ్రాసి ఇంట్లో ఉంచవలెను. ఆ కాగితం కారులో ఉండరాదు. కారుతోపాటు అదీ పోతుంది గదా! మన ఇండ్లలో బీమా పత్రాలు సాధారణంగా ఆంగ్లంలో, చిన్న అక్షరాలలో ఉంటాయి. తండ్రి సంతకం చేస్తాడు గాని చదువడు. చదువగలిగినవాడు కళాశాలకు పోతున్న కుమారుడో, కుమార్తెయో. ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు కారుదే కానక్కరలేదు, ఆటోదైనా, ట్రాక్టరుదైనా, స్కూటరుదైనా ఆ పత్రాన్ని బయటికి తీసి, దొంగతనానికి బీమా ఉన్నదా, దాని గడువు ఏనాటితో తీరుతుంది అను రెండు సంగతులను పెద్దలకు చదివి వినిపించండి. గడువు తీరినట్లు తేలితే, ఆ రోజుననే పునరుద్ధరింపజేయండి. మీరు నేర్చిన విద్యకు అంతకు మించిన ప్రయోజనం ఆ పూట మరొకటి ఉండదు.