చెదలు: చీరను వదిలేసి పెట్టెను తింటాయి

పోటీ పరీక్షల ప్రత్యేకం – జీవశాస్త్రం

సూరత్ రింగ్ రోడ్ మార్కెట్లలో అమ్ముడయ్యే చీరల్లో ఎక్కువ భాగం పాలిస్టరువే. అందులో సెల్యులోజ్ లేదు కనుక చెదలకు అది ఆహారం కాదు. చీరను సర్దిన అట్టపెట్టె, చెక్క అర, చిట్టా పుస్తకం మాత్రం సెల్యులోజే. నూలు, విస్కోస్ కూడా అంతే.

'తెల్ల చీమ' అన్న పేరు చూసి మోసపోవద్దు. చీమలది హైమెనోప్టెరా క్రమం. చెదలకు ఒకప్పుడు ఐసోప్టెరా అనే విడి క్రమం ఉండేది. ఇప్పుడు వాటిని బొద్దింకల క్రమమైన బ్లాటోడియాలో చేర్చారు.

అభ్యర్థులు తరచూ తడబడేది జీర్ణక్రియ దగ్గరే. కొన్ని చెదలకు పేగుల్లోని ప్రోటోజోవాలు సెల్యులోజును అరిగిస్తాయి. మన పుట్టల్లోని ఒడాంటోటెర్మిస్ దారి వేరు. అది టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పుట్టలోనే సాగు చేస్తుంది. వానలకు పుట్ట మీద గొడుగులా లేచేది ఆ శిలీంధ్రమే. 'పుట్టగొడుగు' అన్న తెలుగు మాటలో ఈ పాఠమంతా ఉంది! తొలకరికి దీపం చుట్టూ మూగే ఉసిళ్లు రెక్కలొచ్చిన చెదలే.

గోడ మీద సన్నని మట్టి గొట్టం కనిపిస్తే దాన్ని దులిపేసి ఊరుకుంటే లాభం లేదు. గూడు సాధారణంగా నేలలో ఉంటుంది. తేమను అరికట్టాలి, పెట్టెలను గోడకు ఆనించకుండా ఎత్తున పెట్టాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 6313లో రెండో భాగం నిర్మాణానికి ముందు చేసే రసాయన చికిత్సకు, మూడోది ఇప్పటికే ఉన్న భవనాలకు. ఈ రెండింటినీ తారుమారు చేసి అడగడం పరీక్షల్లో సులువైన ఎత్తుగడ.