బాణీ ఎప్పుడు పూర్తయినట్టు?

పియానోలో పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య స్వరం పలకదు; గమకానికి చోటు లేదు. అందుకే కాలేజీ డే కోసం నన్నడిగిన మొదటి పియానో బాణీకి మోహనం తీసుకున్నా. స రి గ ప ద, ఐదే స్వరాలు; నిలకడగా వాయించినా రాగం పోలిక చెడదు.

బాణీ వేళ్లకు వచ్చేసింది. మరి పూర్తయినట్టేనా? జవాబు మన మదనపల్లెలో ఉంది. 1919లో ఠాగూర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో ‘జనగణమన’ పాడితే, మార్గరెట్ కజిన్స్ ఆ వరసను స్వరాలుగా రాసిపెట్టారు. పాడినాయన వెళ్లిపోయినా పాట పిల్లల నోట నిలిచింది.

కాబట్టి స్వరం, లయ, ఏ వేలు (బొటనవేలు 1, చిటికెనవేలు 5) అన్నీ కాగితం మీద పెట్టా. మీరూ అంతే చేయండి: రాసింది చూసి, మిమ్మల్ని ఒక్క మాటా అడక్కుండా ఇంకొకరు వాయిస్తేనే బాణీ పూర్తయినట్టు.