కంప్యూటర్ పని - చేతుల నొప్పులు : మనం తీసుకోవలసిన జాగ్రత్తలు



నేటి యుగాన్ని కంప్యూటర్ యుగం అంటున్నాం. మన గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో ఒక తరం వెనక్కి వెళితే ఉద్యోగమంటే బొగ్గుబాయి పనే. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్ల నడుములు, భుజాలు ఎలా అరిగిపోయాయో పాత కార్మికులను అడిగితే చెబుతారు. అందుకే మన అమ్మానాన్నలు "మాలాగా ఒళ్ళు హూనం చేసుకోకుండా నీడపట్టున కూర్చుని పనిచేసుకో బిడ్డా" అని మనల్ని హాస్టల్‌కు పంపి చదివిస్తున్నారు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే కూర్చుని చేసే పనిలో ఒళ్ళు చెడదనుకోవడం మాత్రం పొరపాటు. ఈ హాస్టల్లో చదువుకుని ఇప్పుడు కీబోర్డు మీద బతుకుతున్న మాకు ఈ విషయం పనిలోకి వెళ్ళాకే తెలిసింది. మీకు ముందే తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఆర్.ఎస్.ఐ. అంటే ఏమిటి?

రిపిటిటివ్ స్ట్రెయిన్ ఇంజురీ అనే మాటకు కుదింపే ఆర్.ఎస్.ఐ. ఒకే కదలికను విశ్రాంతి లేకుండా వేలసార్లు చేయడం వల్ల కండరాలకు, నరాలకు కలిగే దెబ్బ అని దీని అర్థం. ఇది ఒక్క జబ్బు పేరు కాదు. మణికట్టు, వేళ్ళు, మోచేయి, భుజం, మెడ భాగాల్లో వచ్చే అనేక బాధలకు కలిపి పెట్టిన పేరు.

మన వేళ్ళను కదిలించే కండరాలు ఎక్కువగా ముంజేతిలో ఉంటాయి. అక్కడినుంచి తాళ్ళలాంటి స్నాయుబంధనాలు వేళ్ళదాకా వస్తాయి. వీటినే డాక్టర్లు టెండన్లు అంటారు. మణికట్టు దగ్గర ఒక ఇరుకైన సొరంగం ఉంది. అడుగున ఎముకలు, పైన గట్టి పట్టీలాంటి సంధిబంధనం. ఈ సొరంగంలోంచి 9 టెండన్లు, ఒక ముఖ్యమైన నరం కలిసి వెళతాయి. లోపల వాపు వస్తే ముందుగా నలిగేది ఆ నరమే. అప్పుడు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. దీనిని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. చిటికెనవేలు తిమ్మిరెక్కితే మాత్రం అది వేరే నరం, మోచేయి దగ్గర ఒత్తిడి పడుతోందని అనుమానించాలి.

ఇది కొత్త జబ్బు కాదు

కంప్యూటర్లు రాకముందే ఈ బాధ ఉంది. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో వృత్తి జబ్బుల మీద ఒక గ్రంథం వెలువరించాడు. 1713 నాటి మలి కూర్పులో రాతగాళ్ళ జబ్బుల గురించి కూడా చేర్చాడు. ఎప్పుడూ కూర్చునే ఉండడం, చెయ్యి ఒకే తీరుగా ఆడించడం, తప్పు రాకూడదనే మనసు ఒత్తిడి - ఈ మూడూ కారణాలన్నాడు. ఆయన ఎరిగిన ఒక లేఖరికి రాసి రాసి కుడిచెయ్యి పడిపోయింది. ఆ మనిషి ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. కొంతకాలానికి ఎడమచేతికీ అదే గతి పట్టింది! చెయ్యి మార్చినంత మాత్రాన చాలదు, పనిచేసే తీరు మారాలని ఈ ఉదంతం చెబుతుంది. రోగిని చూడగానే "నీవు ఏ పని చేస్తావు?" అని అడగాలని వైద్యులకు చెప్పినవాడు కూడా రామజ్జీనియే.

బ్రిటన్‌లో 1906 నాటి కార్మిక నష్టపరిహార చట్టం కింద 1907లో కొన్ని వృత్తి జబ్బులను జాబితాలో చేర్చారు. బొగ్గు గని కార్మికుల మణికట్టు కీలు, టెండన్ల తొడుగుల వాపు అందులో ఒకటి. మరుసటి ఏడాది, 1908లో, తంతి ఆఫీసులో మీట నొక్కే ఉద్యోగుల చేతి కొంకర్లను కూడా చేర్చారు. అంటే గనిలో పార పట్టిన చెయ్యికీ, ఆఫీసులో మీట నొక్కిన చెయ్యికీ ఒకే జాబితాలో చోటు దొరికింది. 1980లలో ఆస్ట్రేలియాలో కీబోర్డు ఉద్యోగుల్లో ఈ నొప్పులు విపరీతంగా బయటపడటంతో ఆర్.ఎస్.ఐ. అనే మాట లోకమంతా పాకింది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. కార్పల్ టన్నెల్ బాధ టైపు చేసేవారికంటే, అదిరే యంత్రాలను బలంగా పట్టుకుని పనిచేసేవారికే ఎక్కువ ముప్పు. డ్రిల్లింగ్ మిషన్ పట్టే నాన్నకో, మామకో రాత్రిళ్ళు చేతివేళ్ళు తిమ్మిరెక్కుతుంటే, చల్లటి వేళ వేళ్ళు తెల్లబడుతుంటే వెంటనే డాక్టరుకు చూపించండి. ఈ వ్యాసం మీ ఇంట్లోవాళ్ళకూ చదివి వినిపించండి.

ఎందుకు వస్తుంది?

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డేటా ఎంట్రీ ఆపరేటర్ పరీక్షలో సాధారణంగా గంటకు 8,000 కీలు నొక్కే వేగం అడుగుతారు. ఇంగ్లీషులో నిమిషానికి 35 మాటల వేగమంటే గంటకు 10,500 కీలు. గంటకు 8,000 చొప్పున రోజుకు 6 గంటలు చేస్తే 48,000 సార్లు వేళ్ళు కీలమీద పడతాయి. ఒక్కో దెబ్బకు కావలసిన బలం చిన్నదే. కానీ మధ్యలో విశ్రాంతి లేకపోతే టెండన్లలో కలిగిన చిన్న చిన్న నష్టాలు మానడానికి వ్యవధి దొరకదు.

పాత టైపు మిషన్ మీద ప్రతి వరుసకూ క్యారేజీని వెనక్కి నెట్టాలి, పేజీ అయ్యాక కాగితం మార్చాలి. ఆ వంకన చెయ్యికి కాస్త మార్పు దొరికేది. కంప్యూటర్‌లో ఆ ఆటంకాలు లేవు. మనం ఆపితే తప్ప పని ఆగదు.

తెలుగు టైపింగ్‌లో మరో సంగతి ఉంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం - మొత్తం 6 కీలు నొక్కాలి. గుణింతం గుర్తులు, పొల్లు ఎడమచేతి వైపే ఉంటాయి కనుక డి.టి.పి. పని చేసేవాళ్ళు ఎడమచేతిని కూడా కనిపెట్టుకోవాలి.

వీటికితోడు మణికట్టు వంచి టైపు చేయడం, కీలను బలంగా కొట్టడం, మౌస్ అందనంత దూరంలో ఉండటం, మెడ ముందుకు చాచడం, నిద్ర చాలకపోవడం బాధను పెంచుతాయి. షుగరు, థైరాయిడ్ ఉన్నవారికి, గర్భిణులకు కార్పల్ టన్నెల్ ముప్పు ఎక్కువ.

ల్యాబులో, హాస్టల్లో ఏం చేయాలి?

ఖరీదైన కుర్చీలు మనకు దొరకవు. ఉన్నవాటితోనే చేసుకోగలిగినవి ఇవి:

1. మోచేయి ఎత్తుకు కీబోర్డు ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ తక్కువైతే దుప్పటి మడిచి వేసుకుని కూర్చోండి. అప్పుడు కాళ్ళు నేలకు అందకపోతే కింద ఇటుకలో, చెక్కో పెట్టుకోండి.

2. కీబోర్డు వెనుకనున్న చిన్న కాళ్ళు మూసేయండి. వాటిని లేపితే మణికట్టు పైకి వంగుతుంది. మణికట్టు ముంజేతితో సమానంగా, తిన్నగా ఉండాలి.

3. టైపు చేస్తున్నప్పుడు మణికట్టును బల్ల అంచుకు ఆనించి నొక్కకండి. మౌస్‌ను కీబోర్డు పక్కనే పెట్టుకోండి.

4. మానిటర్ చెయ్యి చాచినంత దూరంలో, దాని పైఅంచు కంటి ఎత్తులో ఉండాలి. కిందికి ఉంటే పాత పుస్తకాలు పేర్చి ఎత్తు చేయండి.

5. అరగంటకొకసారి లేచి ఒకటి రెండు నిమిషాలు నడవండి. కళ్ళకోసం 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి.

6. పరీక్ష దగ్గరపడ్డాక ఒకేసారి మూడు గంటలు టైపింగ్ సాధన చేయకండి. నెలల ముందే మొదలుపెట్టి, పూటకు 20 నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోండి. కీని మెత్తగా నొక్కినా అక్షరం పడుతుంది.

7. పడుకుని ఫోను పట్టుకుని బొటనవేళ్ళతో గంటలతరబడి ఆటలాడటం, టైపు చేయడం మానండి. బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చే జబ్బును స్విట్జర్లాండ్ సర్జన్ డి క్వెర్వాన్ 1895లోనే వర్ణించాడు. ఇప్పుడు ఫోనులో తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మారే సౌకర్యముంది. పెద్ద రాతలకు దాన్ని వాడుకోండి.

8. మణికట్టు నొప్పి ఉన్న రోజుల్లో నల్లా దగ్గర తడిబట్టలు పిండటం, నిండు బకెట్లు మోయడం బాధను పెంచుతాయి. ఆ పని పక్క మంచం మిత్రుడికి అప్పగించండి, బదులుగా అతనికి వేరే సాయం చేయండి.

చిన్న వ్యాయామాలు

చెయ్యి ముందుకు చాచి, రెండోచేత్తో వేళ్ళను మెల్లగా వెనక్కి 15 సెకన్లు లాగి పట్టండి. తర్వాత కిందికి 15 సెకన్లు. పిడికిలి మూసి, వేళ్ళు పూర్తిగా విప్పి, ఇలా పదిసార్లు. భుజాలు చెవులదాకా ఎత్తి వదలండి. మెడను మెల్లగా ఇరువైపులా తిప్పండి. నొప్పి పుట్టేటంత లాగకూడదు. అప్పటికే వాపు ఉంటే డాక్టరును అడిగాకే చేయాలి.

నొప్పి మొదలైతే?

మన బాయిల్లో మైనింగ్ సర్దార్ పైకప్పును రాడుతో తట్టి చూస్తాడు. గట్టి శబ్దం వస్తే పని సాగుతుంది. డొల్ల శబ్దం వస్తే మనుషులను వెనక్కి పంపుతారు. ఆధారాలు వేసి పైకప్పు భద్రమయ్యాకే మళ్ళీ పని. బొగ్గు పోతుందని ఎవరూ ఆ శబ్దాన్ని దాచిపెట్టరు. చేతినొప్పినీ అలాగే చూడాలి.

మొదటి దశలో పనిచేస్తున్నప్పుడు నొప్పి వస్తుంది, ఆపితే తగ్గుతుంది. ఇది చాలా మేలైన దశ. పనిగంటలు తగ్గించి, కూర్చునే తీరు సరిచేసుకుంటే చాలామందికి నయమవుతుంది. రెండో దశలో పని ఆపినా నొప్పి ఉంటుంది. మూడో దశలో నిద్రలో తిమ్మిరితో మెలకువ వస్తుంది, గ్లాసు చేతిలోంచి జారుతుంది, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. బొటనవేలి కింది కండ తగ్గిపోతున్నట్టు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు.

చాలామంది ఇక్కడే నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని మళ్ళీ పనిలో కూర్చుంటారు. ఇంజెక్షన్ నొప్పిని అణచివేస్తుందే కానీ కారణాన్ని తీసేయదు. నొప్పి బిళ్ళలు రోజుల తరబడి మింగితే కడుపు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. రామగుండంలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ప్రారంభమైంది. ప్రభుత్వాసుపత్రి ఎముకల విభాగంలో చూపించుకోండి. "నేను రోజుకు ఇన్ని గంటలు టైపు చేస్తాను" అని మీ అంతట మీరే చెప్పండి. రాత్రిపూట మణికట్టు తిన్నగా ఉంచే పట్టీ, ఫిజియోథెరపీ, అవసరాన్నిబట్టి మందులు ఇస్తారు. బాగా ముదిరిన కార్పల్ టన్నెల్‌కు ఆపరేషన్ ఉంది.

చివరగా

మన హాస్టల్ పిల్లల్లో ఒక అలవాటుంది. నొప్పి వచ్చినా చెప్పరు. "పేదోళ్ళం, ఈ మాత్రం ఓర్చుకోలేమా" అనుకుంటారు. ఉద్యోగంలో చేరాక చెబితే తీసేస్తారేమోనని భయం. కానీ ఆస్తి లేని మనకు చదువు తర్వాత ఉన్న ఆస్తి ఈ రెండు చేతులే. ఇరవై ఏళ్ళకే అవి పాడైతే ఇంటి ఆశలన్నీ ఆగిపోతాయి.

కాబట్టి దాచకండి. వార్డెన్ గారికి, ల్యాబ్ సార్‌కు చెప్పండి. పనిచేసే చోట కుర్చీ ఎత్తు సరిగా లేకపోతే ఒక్కరుగా కాక నలుగురూ కలిసి అడగండి. గనిలో లాంప్ రూము, రక్షణ టోపీ, విశ్రాంతి వేళ ఏవీ ఎవరూ ఊరికే ఇచ్చినవి కావు. కార్మికులు కలిసి అడిగితే వచ్చాయి. మన తరం అడగవలసినవి చిన్నవే: తగిన ఎత్తు బల్ల, గంటకు అయిదు నిమిషాల విరామం. ఈ వార్షికోత్సవం అయిపోగానే మొదట చేయవలసిన పని ఒకటి చెబుతాం. రేపు ల్యాబుకు వెళ్ళినప్పుడు ఒకరి కూర్చునే తీరును ఒకరు చూసి సరిచేయండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.